ఇంటి వాకిట పుట్టిన సేవ

పరోపకారము మన పల్లెలకు క్రొత్తగా వచ్చిన మాట కాదు. పురిటి యింటికి ఇరుగుపొరుగు అమ్మలక్కలు పథ్యపు కూడు పంపుట, చూపు మందగించిన పెద్దకు పక్కింటి కుఱ్ఱవాడు ఉత్తరము చదివి వినిపించుట, నాట్లనాడు ఒకరి చేనికి ఒకరు బదులు పోవుట ప్రతి గ్రామమును ఎరిగిన సంగతులే. వీనికి జీతము లేదు. చిట్టాలో పద్దు లేదు. అడుగకముందే అందుటయే ఆ సాయమునకు గల గొప్పతనము.

అయినను ఇందొక చిక్కు కలదు. ఒకరి దయవలన మొదలైన పని, ఆ యొక్కరు మంచము పట్టినను, ఊరు విడిచినను, కాలము చేసినను ఏమగును? వారి వెంటనే ఆగిపోవునా? ఊరి సొత్తై నిలుచునా? ఈ ప్రశ్న పెద్దల నెందరినో ఎదుర్కొన్నది. గోదావరి తీరమున మూడు ఇండ్లలో పుట్టిన సేవను, దానితో పాటు ఆంధ్రదేశమున గ్రంథాలయములు చేసిన సేవను వరుసగా పరిశీలించినచో దీనికి కొంత సమాధానము దొరకును.

అన్నదానము

డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు. వచ్చినవారి కెల్ల అన్నము పెట్టుటచే ఊరివారాయనను ‘బువ్వన్న’ యని పిలిచెడివారని ప్రతీతి. కోనసీమలోని లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్నగారు ఆమెను వివాహమాడిరి. ఆయన వ్యవసాయము చేసికొని జీవించు గృహస్థు.

ఆ కాలమున కోనసీమలో వంతెనలు అరుదు. నదీపాయలు దాటుటకు పడవలే దిక్కు. గాలి తిరిగినను, వరద పొంగినను బాటసారులు రేవులలో చిక్కుకొనుచుండిరి. పొద్దుగూకిన పిమ్మట పిల్లలతో గట్టెక్కిన కుటుంబమునకు పిడికెడు మెతుకులు దొరకుట కష్టము. అట్టివారికి సీతమ్మగారి యిల్లు తల్లిగారిల్లయ్యెను. కులమేమి, ఊరేమి అని అడుగక, వేళగాని వేళ వచ్చినను విసుగు చెందక ఆమె వండి వడ్డించెడివారు.

ఆమెను గూర్చి కోనసీమలో నేటికిని ఒక కథ చెప్పుకొందురు. ఒకసారి ఆమె అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి దర్శనమునకు బయలుదేరిరట. త్రోవలో ఒక పెండ్లివారి గుంపు ఎదురైనది. ఆకలికి ఏడ్చుచున్న పిల్లలను పెద్దలు ఊరడించుచు, ‘ఇంకొంచెము ఓర్చుకొండు, గన్నవరము చేరినచో సీతమ్మగారు అన్నము పెట్టుదురు’ అని చెప్పుట ఆమె చెవిని బడెనట. అంతట ఆమె యాత్ర మాని, వారికన్న ముందుగా ఇల్లు చేరి పొయ్యి వెలిగించిరట. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భమున దొరతనమువారు ఆమెను ఆహ్వానించిరనియు, ఆమె పోనొల్లకపోగా ఆమె ఛాయాచిత్రమును తీసికొనిపోయిరనియు ప్రసిద్ధి.

సీతమ్మగారు 1909 ఏప్రిల్ 28వ తేదీన కాలధర్మము చెందిరి. గన్నవరము వద్ద కట్టిన క్రొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టబడినది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరే పెట్టినది. ఒక యిల్లాలు తన చేని పంటతో చేసిన పని, నూరేండ్ల పిమ్మట ప్రజల పన్నుతో నడచు పనికి పేరైనది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని ఒక్క సంగతి మరువరాదు. ఆ పొయ్యి ఆ దంపతుల పొలము మీదను, ఆమె రెక్కల మీదను ఆధారపడి వెలిగినది. ఆమెతో అన్నము తిన్నవారు వేలు. ఆమె చేతి గరిటెను తమ చేతికి తీసికొన్నవారు ఎందరన్నదే ప్రశ్న.

ఆశ్రయము

రెండవ యిల్లు రాజమహేంద్రవరములోనిది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848–1919) 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల స్థాపించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తమ యింట మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఈ కథ పాఠ్యపుస్తకములలో చదివినదే. చదువరులు తరచు గమనింపనిది ఆ యింటి వంటగదిలో జరిగిన కథ.

పెండ్లి నిశ్చయమైనంతనే బంధువులు రాకపోకలు మానిరి. వంటవారు రామనిరి, నీళ్లు తెచ్చువారు మానుకొనిరి. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు నడుము బిగించిరి. గోదావరికి పోయి తామే నీళ్లు మోసి తెచ్చిరి. వచ్చినవారికి తామే వండిపెట్టిరి. పంతులుగారి శిష్యులైన విద్యార్థులు అల్లరిమూకలు రాకుండ కాచుకొనిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసాయము చేసిరి. సంస్కర్త యొక్కడే అయినను, ఆ సంస్కారమును మోసిన భుజములు పెక్కు.

పెండ్లి ఒక్కనాటి పని. కాపురము నిలువబెట్టుట ఏండ్ల తరబడి పని. ఊరు వెలివేసిన ఆ క్రొత్త దంపతులకు అద్దెయిల్లు దొరకదు. పురుడు పోయు మంత్రసాని రాదు. శుభమునకైనను అశుభమునకైనను పిలుపులు లేవు. పుట్టింటివారు తలుపు మూసిన ఆ ఆడుబిడ్డలకు రాజ్యలక్ష్మమ్మగారే పుట్టిల్లైరి. అనాథలైన స్త్రీలకు ఆశ్రయ మేర్పడినది. ఉపన్యాసములతో తీరని అవసరము లివి. ప్రతి దినమును ఎవరో ఒకరు లేచి చేయవలసిన పనులు.

సీతమ్మగారి కథలో కానరాని మెట్టు ఇచ్చట కానవచ్చును. తమ పిమ్మట ఈ పని ఏమగునని పంతులుగారు ముందుగానే ఆలోచించిరి. 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి, తాము జీవితమంతయు కూడబెట్టిన ఆస్తిని దానికే ఇచ్చివేసిరి. రాజ్యలక్ష్మమ్మగారు 1910లోను, పంతులుగారు 1919లోను గతించిరి. యజమానులు పోయినను వారు నెలకొల్పిన విద్యాసంస్థలు మూతపడలేదు. ఇంటి వాకిట పుట్టిన సేవ నియమావళితోను, సభ్యులతోను కూడిన సంస్థగా మారుటయే దీనికి కారణము.

విద్య

మూడవ యిల్లు కాకినాడలోనిది. అది పండ్రెండేండ్ల బాలిక నడపిన బడి. దుర్గాబాయమ్మగారు 1909 జులై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. సీతమ్మగారు పోయిన యేడే ఈమె పుట్టుట విశేషము. ఎనిమిదవ యేటనే పెండ్లి చేసిరి. జ్ఞానము వచ్చిన పిమ్మట ఆ వివాహ బంధమును ఆమె ఒల్లలేదు. తండ్రియు కుమార్తె పక్షమున నిలిచెను. ఇంగ్లీషు చదువును విడిచి, హిందీ నేర్చుకొని, తాను నేర్చినదానిని ఇరుగుపొరుగు స్త్రీలకు నేర్పుటకు బాలికా హిందీ పాఠశాల ప్రారంభించెను. తల్లి కృష్ణవేణమ్మగారును ఆ పాఠశాలలో కుమార్తెకు తోడ్పడిరి. కుమార్తె బడిలో తల్లి కూర్చుండుట ఆ దినములలో వింత.

1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినది. అక్కడి ప్రదర్శనశాల ద్వారము కడ దుర్గాబాయమ్మగారు స్వచ్ఛంద సేవికగా నిలిచిరి. జవహర్‌లాల్ నెహ్రూగారు టిక్కెట్టు లేక రాగా ఆమె లోపలికి పోనీయలేదు. నిర్వాహకులు టిక్కెట్టు కొని యిచ్చిన పిమ్మటనే విడిచిరి. ఈ కథ చెప్పుకొని నవ్వుకొనువారు పెక్కురు కలరు. ఇందులో నేర్వదగినదియు కలదు. జీతము లేని పని గదాయని ఆ బాలిక దానిని తేలికగా చూడలేదు. ఒప్పుకొన్న పనిని జీతగాని కన్న నిష్ఠతో చేయుటయే సేవాధర్మము.

స్వాతంత్ర్యోద్యమమున ఆమె చెఱసాలకు పోయిరి. విడుదలైన పిమ్మట, ఆగిపోయిన చదువును మరల మొదలిడి మెట్రిక్యులేషను నుండి న్యాయశాస్త్రము వరకు చదివిరి. తనవలెనే చిన్ననాట చదువు తప్పిన స్త్రీల బాధ ఆమెకు అనుభవముచే తెలియును. మదరాసులో ఆమె నెలకొల్పిన ఆంధ్ర మహిళాసభలో అట్టివారిని కూర్చుండబెట్టి కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు సిద్ధము చేయించిరి. వితంతువులకును, భర్తలు విడిచిన స్త్రీలకును ఆ సభ వసతియైనది. పిమ్మట ఆసుపత్రియు, నర్సుల శిక్షణయు, వయోజన విద్యయు తోడైనవి. హైదరాబాదుకును ఆ సభ విస్తరించినది. అక్కడ చదువుకొన్న స్త్రీ కొన్నాళ్లకు ఉపాధ్యాయిని యగును, లేదా నర్సు యగును. నిన్న సాయము పొందిన చేయి నేడు సాయమందించును. దుర్గాబాయమ్మగారి పద్ధతిలోని కీలక మిదియే.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా ఆమె దాని మొదటి అధ్యక్షురాలైరి. దేశమంతట ఊరూర పనిచేయు చిన్న స్వచ్ఛంద సంఘములకు ప్రభుత్వ ధనసాయము అందించుట ఆ మండలి ముఖ్యకార్యము. ఊరివారు ముందు నడువవలెను, ప్రభుత్వము వెనుక నిలువవలెను అన్నది అందలి ఆశయము. ఆమె 1975లో పద్మవిభూషణ బిరుదము పొంది, 1981 మే 9వ తేదీన పరమపదించిరి. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 2022లో మూసివేయబడినది. ఆంధ్ర మహిళాసభ మాత్రము నేటికిని నిలిచియున్నది. ప్రభుత్వపు ఉత్తరువుతో పుట్టినది ఉత్తరువుతో పోవచ్చును. మనుష్యుల చేతులలో పెరిగినది అంత సులభముగా పోదు.

గ్రంథాలయ సేవ

అన్నము పెట్టుటకు పంట కావలెను. ఆశ్రయ మిచ్చుటకు ఇల్లు కావలెను. ఈ రెండును లేనివాడు తోటివారికి ఏమి చేయగలడు? తీరిక వేళ నొక గంట ఈయగలడు. ఆ గంటకు చోటు చూపినవి గ్రంథాలయములు.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమైనది. 1914లో బెజవాడలోని రామమోహన గ్రంథాలయమున అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగువారు ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిపిరి. దానికి చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షులు. చిలకమర్తివారు చిన్ననాటి నుండియు దృష్టిలోపముతో బాధపడినవారు. పెక్కు రచనలు నోట చెప్పి ఇతరులచే వ్రాయించినవారు. పుస్తకము చదివి వినిపించువా డొకడు ప్రక్కన నుండుట ఎంత మేలో ఆయనకన్న ఎరిగినవారెవరు?

ఆ ఉద్యమమున పాల్గొన్న యువకులు పుస్తకములు బీరువాలలో దాచుకొని కూర్చుండలేదు. ఊరూర తిరిగి ఇంటింట పుస్తకములు ఇచ్చిరి. రాత్రిబడులు పెట్టి పగలు పొలము పని చేసిన వయోజనులకు అక్షరములు దిద్దించిరి. రచ్చబండ కడ వార్తాపత్రిక చదివి వృద్ధులకు వినిపించిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు సేవాశ్రమము పక్షమున కృష్ణా కాలువలో పడవ మీద గ్రంథాలయము నడపిరి. కాలువ గట్టు మీది గ్రామస్థుడు పుస్తకము కొఱకు పట్టణము పోనక్కరలేకపోయెను. పుస్తకమే అతని రేవునకు వచ్చెను. అరువది యేండ్ల ముసలిది అక్షరములు నేర్చి తన పేరు తాను వ్రాసికొన్ననాడు, కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొను షావుకారు ఒక క్షణము ఆలోచింపవలసి వచ్చును. చదువు చేయు సాయ మట్టిది.

తరువాత చట్టములు వచ్చినవి. మదరాసు రాష్ట్రమున 1948లోను, హైదరాబాదు రాష్ట్రమున 1955లోను, ఆంధ్రప్రదేశ్‌లో 1960లోను పౌర గ్రంథాలయ చట్టములు చేయబడి, ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలగుట ఏర్పడినది. ధనమున కొక దారి ఏర్పడుట మంచిదే. కాని సెస్సు బీరువా కొనగలదు. చూపు లేని తాతకు పత్రిక చదివి వినిపింపజాలదు. పరీక్ష తప్పి తల వంచుకొన్న బాలుని భుజముపై చేయి వేసి, ‘రేపు సాయంకాలము రా నాయనా, లెక్కలు కలిసి చూతము’ అని పిలువజాలదు. ఆ పని మనిషి చేయవలసినదే.

నిలుచు సేవ

ఈ చరిత్రను కలిపి చూచినచో ఒక వరుస గోచరించును. సీతమ్మగారు తమ సర్వస్వమును ఇచ్చిరి. వీరేశలింగ దంపతులు తమ సర్వస్వమును సంస్థ చేసిరి. దుర్గాబాయమ్మగారు సాయము పొందినవారిని సాయము చేయువారిగా తీర్చిరి. గ్రంథాలయ కార్యకర్తలు ధనము లేని సామాన్యునికిని ఆ పనిలో భాగము కల్పించిరి. మొదటి గుణము లేనిదే సేవ పుట్టదు. తక్కిన మూడును లేనిదే అది నిలువదు.

ఇరువదియైదేండ్లు నిండిన గ్రామ గ్రంథాలయమునకు ఈ మాట మిక్కిలి వర్తించును. ఇరువదియైదేండ్లనగా ఒక తరము. మొదటి యేడు బొమ్మల కథల పుస్తకము కొఱకు కాలివేళ్లపై నిలిచి బీరువా అందుకొన్న బాలుడు నేడు బిడ్డల తండ్రి. నాడు తాళపుచెవి మొలలో పెట్టుకొని దినదినము తలుపు తీసిన యువకుడు నేడు చత్వారపు అద్దములు పెట్టుకొన్న పెద్ద. ఆ తాళపుచెవి ఇంకను ఆ పెద్ద చేతనే యున్నచో అది ఆయన గొప్పతనమే. ఊరి గొప్పతనము మాత్రము కాదు.

కనుక రజతోత్సవ వేళ తోరణములు కట్టుట, పెద్దలను సన్మానించుట ఎంత ముఖ్యమో, ఒక చిన్న పట్టీ వ్రాసికొనుటయు అంత ముఖ్యము. సోమవారము ముసలివారికి పత్రిక చదువువారెవరు? బుధవారము చిన్నతరగతుల పిల్లలకు పాఠము చెప్పువారెవరు? నెలకొకమారు, ఇల్లు కదలలేని బాలెంతలకును రోగులకును పుస్తకములు మోసికొనిపోవువారెవరు? ఒక్కొక్క పనికి రెండేసి పేర్లు వ్రాయవలెను. ఒకటి చేయుచున్నవారిది, రెండవది నేర్చుకొనుచున్నవారిది. ఆ రెండవ పేరు ఖాళీగా ఉండకుండ చూచుకొన్న గ్రామమున సేవ ఒక తరముతో ఆగదు. నేటి తాళపుచెవి రేపటి యువకుని చేతికి ప్రేమతో అందుగాక!