అలసిన గుండెకు యంత్రపు ఆసరా

పిడికిలియంత పరిమాణము గల మానవహృదయము దినమునకు సుమారు లక్షసార్లు కొట్టుకొనుచు దేహమంతటికిని రక్తమును పంపుచుండును. అది అలసి తన విధిని నిర్వర్తింపజాలనప్పుడు, ఔషధములకు మించిన సాయమేదైన కలదా యని వైద్యులు ఇరువదవ శతాబ్దమున అన్వేషింపసాగిరి.

1931లో బోస్టన్ నగరమున జాన్ గిబ్బన్ అను యువవైద్యుడు, ఊపిరితిత్తుల రక్తనాళమున గడ్డ అడ్డుపడిన యొక రోగి ప్రక్కన రాత్రియెల్ల కాచియుండెను. ఆమె దక్కలేదు. ఆ రక్తమును వెలికిదీసి, ప్రాణవాయువును కలిపి, మరల దేహమునకు పంపు యంత్రమున్నచో ఆమె బ్రదికెడిది గదా యను తలంపు ఆయనను విడువలేదు. భార్య మేరీ తోడ్పాటుతో దీర్ఘకాలము పరిశ్రమించి, 1953 మే 6వ తేదీన ఫిలడెల్ఫియాలో 18 ఏండ్ల యువతికి శస్త్రచికిత్స జరుపుచు, 26 నిమిషములు ఆమె ప్రాణమును యంత్రముచేతనే నిలిపెను.

నిమిషములనుండి దినములకు సాగుట తరువాతి మెట్టు. 1966లో హ్యూస్టన్ నగరమున మైకేల్ డిబేకీ, శస్త్రచికిత్స పిమ్మట గుండె తేరుకొనని యొక స్త్రీకి సహాయక పంపును అమర్చెను. 10 దినములలో ఆమె హృదయము విశ్రాంతినొంది బలము పుంజుకొనగా పంపును తొలగించిరి.

అంతటితో తృప్తిపడక కొందరు గుండెనే మార్ప సాహసించిరి. 1969లో అదే నగరమున డెంటన్ కూలీ ఒక రోగికి కృత్రిమహృదయమును పెట్టెను. 64 గంటల పిదప దాత గుండె లభించినను ఆ రోగి స్వల్పకాలములోనే మరణించెను. 1982 డిసెంబరులో యూటా విశ్వవిద్యాలయమున విలియం డివ్రీస్ ఒక దంతవైద్యునకు జార్విక్-7 అను కృత్రిమహృదయమును శాశ్వతముగ అమర్చెను. ఆయన పెద్ద వాయుయంత్రమునకు గొట్టములతో బంధితుడై, పలు బాధలకు లోనై 112 దినములు జీవించెను. దినములు పెరిగెను గాని, అవి ఎట్టి దినములను ప్రశ్న లోకమును కలచెను.

పిమ్మట సహాయక పంపులే ముందునకు వచ్చెను. గుండెమార్పిడికి అర్హులు కాని 129 మంది రోగులపై జరిగిన యొక పరిశోధన 2001లో వెలువడెను. ఏడాదికి బ్రదికియున్నవారు ఔషధములతో నూటికి 25 మంది కాగా, పంపుతో 52 మంది. అయినను రెండేండ్లకు పంపుగలవారిలో మిగిలినది 23 మందియే. అంటువ్యాధులు, యంత్రలోపములు వెంటాడెను. తరువాత రక్తమును ఎడతెగక ప్రవహింపజేయు చిన్న పంపులు వచ్చెను. వానిని ధరించినవారికి పలుమార్లు నాడియే చేతికందదు! 2017లో అమెరికాలో అనుమతి పొందిన పంపులో చక్రము అయస్కాంతశక్తిచే తేలుచు తిరుగును. అందుచే రక్తము గడ్డకట్టుట మిక్కిలి తగ్గెను.

నేటికిని రోగి ఉదరమునుండి వెలువడు తీగను శుభ్రముగ కాపాడుకొనవలెను, బ్యాటరీలను మోయవలెను, రక్తము గడ్డకట్టనీయని మందులను వాడవలెను. ఇంటివారు గిబ్బనువలె రాత్రులు మేల్కొని కనిపెట్టుకొనియుండవలసి వచ్చుట గూడ కలదు. గుండెను తొలగించి దాని పీఠమున యంత్రమును ప్రతిష్ఠింపగోరిన సాహసముకంటె, గుండెను ఉండనిచ్చి దాని భారమును పంచుకొనిన వినయమే ఎక్కువమందికి ఆయువు పోసినదని ఈ చరిత్ర చాటుచున్నది.