చిత్రాన్ని చూసి చెప్పే మాట

ఛాయాచిత్రాలు తీసే మిత్రులు కలిసినప్పుడు ఒకరి చిత్రాలు మరొకరికి చూపించుకోవడం పరిపాటి. అప్పుడు ఎక్కువగా వినిపించే మాటలు రెండు. మొదటిది "చాలా బాగుంది". రెండవది "వెలుతురు ఇంకాస్త ఉంటే బాగుండేది". మొదటి మాటకు మనసు పొంగుతుంది, రెండవ మాటకు చివుక్కుమంటుంది. మరునాడు కెమెరా పట్టుకున్నప్పుడు మాత్రం ఈ రెండింటిలో ఏదీ చేయందించదు. తోటివారి చిత్రాన్ని నిదానంగా చూసి, వారికి అక్కరకు వచ్చే మాట చెప్పడం ఒక విద్య అని నేను నమ్ముతాను. ఆ విద్య మన గోదావరి గట్టున ఒకప్పుడు ఎలా వర్ధిల్లిందో ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. ఆ కథ కుంచె పట్టినవారిది. అయినా కెమెరా పట్టినవారికీ అది చెందుతుంది.

ఛాయాచిత్రాలను నలుగురిలో పెట్టి గుణదోషాలు ఎంచడం మన దేశానికి కొత్త కాదు. బొంబాయిలో 1854లోను, కలకత్తా, మద్రాసులలో 1856లోను ఛాయాచిత్ర సంఘాలు ఏర్పడ్డాయి. 1855లో మద్రాసులో జరిగిన ప్రదర్శనలో లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారి తీసిన దేవాలయాల చిత్రాలకు నిర్ణేతలు మొదటి తరగతి పతకం ఇచ్చారు. గోదావరి సీమ అప్పటికి ఆ మద్రాసు రాజధానిలోనిదే. ఐతే పతకం ఒక తీర్పు. గెలిచినవానికి గెలిచానని తెలుస్తుంది. ఓడినవానికి ఏం చేయాలో తెలియదు. తీర్పుకు, సలహాకు మధ్యనున్న ఈ దూరాన్ని అర్థం చేసుకోవడానికి మద్రాసు విడిచి రాజమండ్రికి రావాలి.

1909లో ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చాడు. స్వయంగా నీటిరంగులతో చిత్రాలు వేసేవాడు, రచయిత కూడాను. 1919 వరకు ఇక్కడ ఉన్నాడు. తరువాత ఇంగ్లండునుంచి "సౌత్ ఇండియన్ అవర్స్" అనే పుస్తకం వెలువరించాడు. ఆయన చుట్టూ చేరిన యువకులలో దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ముఖ్యులు. పాలకుల జాతివాడు, పైగా కళాశాలకు అధిపతి. అటువంటివాడు ఒక కుర్రవాని బొమ్మను చూసి "నాలాగా వెయ్యి" అంటే కాదనగలవారు ఆ రోజుల్లో ఎవరు? ఆయన శిష్యులను అజంతాకు తీసుకువెళ్ళాడు. తన బొమ్మలకన్న ఎన్నో రెట్లు గొప్పవైన బొమ్మల ముందు వారిని నిలబెట్టాడు. రామారావు చేతిలోని శక్తిని గుర్తించి, తన దగ్గరే అట్టేపెట్టుకోకుండా, బొంబాయి జే.జే. కళాశాలలో చేరమని ప్రోత్సహించాడు. 1916లో బొంబాయి వెళ్ళిన రామారావు 1920లో చదువు ముగించుకున్నాడు.

ఆయన సలహా మంచిదని చెప్పడానికి నాకు కనిపించే నిదర్శనం శిష్యుల చిత్రాలే. రామారావు బొంబాయిలో మనుషులను ఎదుట కూర్చోబెట్టి చిత్రించే అభ్యాసం గడించాడు. ఆ దేహజ్ఞానాన్ని భారతీయమైన రేఖలో ఇమిడ్చాడు. భీమవరం ప్రాంతానికి చెందిన బాపిరాజు, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ వద్ద చేరి, వంగదేశపు ఫణితిని అలవరచుకున్నాడు. ఒకే గురువు వద్ద మొదలైన ఇద్దరూ రెండు దారులు పట్టారు. ఆ రెండూ గురువుగారి నీటిరంగుల దారి కాదు. మంచి మాటకు గుర్తు ఇదేనని నాకు తోస్తుంది. విన్నవాడు తనవాడుగానే మిగలాలి.

ఆ కాలంలో బొంబాయి, వంగ శైలుల మధ్య పత్రికలలో పెద్ద వివాదం సాగుతుండేది. జే.జే. అధిపతి గ్లాడ్‌స్టన్ సాలమన్ ఒక పక్షం, అవనీంద్రనాథ ఠాకూరు అనుయాయులు మరొక పక్షం. ఇలాంటి వేళ చిత్రాన్ని చూడకముందే, వేసినవాడు ఏ బడివాడో అడిగి తీర్పు చెప్పేవారు ఉంటారు. బొంబాయిలో చదివిన రామారావు "ఋష్యశృంగ బంధనం" ఆ ఎదుటి పక్షపు కోట అయిన కలకత్తాలోనే బహుమతి పొందింది. పక్షాల పేర్లు పక్కనపెట్టి చిత్రాన్ని చిత్రంగా చూసిన కళ్ళు అక్కడ కొన్నైనా ఉన్నాయన్నమాట. మనలోనూ ఫలానా కంపెనీ కెమెరా, ఫిల్మా డిజిటలా, నలుపు తెలుపా రంగులా అన్న వాదాలు వచ్చినప్పుడు నాకు ఈ సంగతి గుర్తుకు వస్తుంది.

చదువు ముగించిన రామారావు బొంబాయిలో స్థిరపడలేదు. రాజమండ్రికి తిరిగివచ్చి, మిత్రుడు వరదా వెంకటరత్నం తోడుగా చిత్రకళాశాలను నెలకొల్పాడు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రాలు వేశారు. ఆ ఇంట ఒకరి బొమ్మ ముందు మరొకరు నిలబడి మాట్లాడుకోవడం నిత్యకృత్యమై ఉంటుందని ఊహించడం కష్టం కాదు. గురువు శిష్యునికి చెప్పే మాట, సమానులు తమలో తాము చెప్పుకొనే మాటగా మారిన చోటు అది.

ఆ ముచ్చట ఎంతోకాలం సాగలేదు. రామారావు చిత్రాలు 1924లో లండన్ వద్ద వెంబ్లీ ప్రదర్శనకు వెళ్ళాయి. 1925 ఫిబ్రవరిలో ఆయన మశూచితో మరణించాడు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. చదువు ముగిశాక చిత్రకారునిగా జీవించింది ఇంచుమించు ఐదేళ్ళు. కూల్డ్రే చెప్పిన మాట మరో పదేళ్ళు ఆలస్యమై ఉంటే ఆ చిత్రాలే ఉండేవి కావు. "బాగుంది" అని వదిలేసిన సందర్భాలలో మనం ఎంత పోగొడుతున్నామో మనకు ఎన్నటికీ తెలియదు.

మిత్రుడు పోయిన తరువాత కళాశాల భారాన్ని వెంకటరత్నం వహించాడు. నేడు రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు సమీపాన ఉన్న దామెర్ల రామారావు చిత్రశాలకు మూలం ఆ స్నేహమే. తోటి చిత్రకారుని పనిపై ఇంతకంటె పెద్ద అభిప్రాయం ఏముంటుంది?

ఇక మన సంగతి. గోదావరికి వెళ్ళిన ప్రతివారూ హేవలాక్ వంతెనను తీస్తారు. 1900లో రైళ్ళకు తెరిచి, 1997లో విశ్రాంతినిచ్చిన ఆ వంతెన, దాని కింద పడవ, వెనుక సూర్యుడు. అటువంటి చిత్రం నా ముందుకు వచ్చినప్పుడు తప్పులు ఎంచడానికి ముందు "నీవు ఏమి చూసి మీట నొక్కావు?" అని అడుగుతాను. పడవవానిని చూసి నొక్కానంటే, అతడు వంతెన నీడలో ఎందుకు కలిసిపోయాడో మాట్లాడుకోవచ్చు. ఇనుపకమ్మీల లయను చూసి నొక్కానంటే, పడవే అడ్డమని తేలవచ్చు. చిత్రం ఒకటే, సలహాలు రెండూ పరస్పర విరుద్ధాలు. ఆ ప్రశ్న వేయకుండా ఇచ్చే సలహా, నా చిత్రాన్ని అతనిచేత తీయించడమే అవుతుంది.

వినేవారికీ ఒక బాధ్యత ఉంది. రామారావు బొంబాయికి వెళ్ళమన్న మాటను విన్నాడు. అక్కడ నేర్చిన దానిని తెచ్చి తన ఊరి నదికి, తన ఊరి మనుషులకు అన్వయించాడు. విన్నదంతా చేయనక్కరలేదు. కాని చేయకూడదని నిశ్చయించుకోవడానికైనా ముందు పూర్తిగా వినాలి.