రాలేని వారి చెంతకు: గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి సేవాజీవితం



నరసరావుపేట చెంతనున్న కోటప్పకొండ స్థలగాథ పల్నాటివారికి ఉగ్గుపాలతో అబ్బినదే. నిత్యమూ కొండనెక్కి స్వామిని సేవించిన గొల్లభామ ఆనందవల్లి గర్భవతియై ఎక్కలేని స్థితికి వచ్చినపుడు, తానే ఆమె వెంట దిగివస్తానని, వెనుదిరిగి చూడవద్దని స్వామి అభయమిచ్చాడు. ఆమె వెనుదిరిగి చూసిన చోటనే ఆయన నిలిచిపోయాడని పెద్దల మాట. ఎక్కలేని భక్తురాలి కోసం దైవమే కదలివచ్చిన సీమ మనది.

ఆలయ జీర్ణోద్ధరణ, కుంభాభిషేకాలు జరుగుతున్న ఈ శుభవేళ, రాలేని వారి చెంతకు తానే నడచి వెళ్లిన ఒక మహనీయుని స్మరించుకోవడం సముచితం. ఆయన పల్నాటివారు కారు, కళింగసీమవారు. వినికిడి కోల్పోయియు జీవితాంతం లోకహితానికి పాటుపడిన ఆ ధన్యజీవి గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపాన గల పర్వతాలపేటలో ఆయన జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయ వృత్తి చేపట్టారు. బడిలో పాఠాలు చెబుతూనే సొంతంగా చదువుకొని పట్టభద్రులైనారు. ముఖలింగ దేవాలయాలలో గాంగరాజులు వేయించిన శాసనాలను చదవాలన్న తపనతో, గురువు లేకుండానే ప్రాచీన లిపిని అభ్యసించారు. ఆలయపు రాళ్లపై దాతల పేర్లు చెక్కించే మనకు, ఆ రాళ్లను శ్రద్ధగా చదివే వారి విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

పర్లాకిమిడి పరిసరాలలోని కొండలలో సవరలు నివసించేవారు. వారి భాష తెలుగుతో చుట్టరికం లేని ముండా భాషా కుటుంబానికి చెందినది. దానికి లిపి లేదు, పుస్తకాలు లేవు. బడి కొండ దిగువనే ఉండిపోయింది. అక్కడికి వచ్చిన సవర పిల్లలకైనా తెలియని భాషలోనే పాఠం. ఆ బిడ్డలకు వారి మాటలోనే విద్య అందించాలని పంతులుగారు సంకల్పించారు. రెండు భాషలూ తెలిసిన వ్యక్తిని తన యింటనే ఉంచుకొని సవర భాష నేర్చుకున్నారు. కొండలలో తిరిగారు. సవర భాషలో వాచకాలు వ్రాశారు. సొంత సొమ్ముతో బడులు నెలకొల్పి, ఉపాధ్యాయులకు జీతాలు కూడా తామే చెల్లించారు. ఆయన జమీందారు కారని, జీతంపై బ్రతికే బడిపంతులని దాతలు గమనించగోరుతాము.

ఆ సేవకు ఆయన చెల్లించిన మూల్యం ధనం మాత్రమే కాదు. మన్యంలో మలేరియా పట్టుకొన్నది. ఆ రోజులలో దానికి క్వినైనే దిక్కు. ప్రాణాన్ని నిలిపే ఆ మందే మోతాదు మించితే చెవులకు చేటు చేస్తుంది. పంతులుగారికి అదే జరిగింది. అలా వచ్చిన చెవుడు జీవితాంతం ఆయనను వదలలేదు.

పాఠకులారా, ఒక్క క్షణం ఆలోచించండి. లిపి లేని భాషకు చెవియే పుస్తకం. సవర భాషలో గొంతు వద్ద నొక్కిపట్టి పలికే సూక్ష్మధ్వనులున్నాయి. అట్టి భాషను గ్రంథస్థం చేయబూనిన వానికి వినికిడి పోతే ఇక పని ముగిసినదనే ఎవరైనా అనుకొంటారు. పంతులుగారు అట్లు అనుకోలేదు. కుమారులు సీతాపతిగారి తోడ్పాటుతో పరిశ్రమ కొనసాగించారు. 1931లో సవర భాషా వ్యాకరణం, డెబ్బది దాటిన వయసులో 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. ప్రభుత్వం కైజర్-ఎ-హింద్ పతకంతో ఆయనను సత్కరించింది.

అదే కాలంలో తెలుగునాట వ్యావహారిక భాషోద్యమానికి సారథ్యం వహించారు. 1919లో 'తెలుగు' అను మాసపత్రిక నడిపారు. సవర బిడ్డకు సవరలో, తెలుగు బిడ్డకు వాడుక తెలుగులో చదువు చెప్పాలన్న ఒకే సంకల్పానికి ఇవి రెండు ముఖాలు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు. 1940 జనవరి 22న పరమపదించారు. ఆయన జన్మదినమే నేడు మనం జరుపుకొంటున్న తెలుగు భాషా దినోత్సవం.

ఈ చరిత్ర మనకు చెప్పేదేమి? అంగవైకల్యం గలవారిని చూడగానే మన చేయి జేబులోనికి పోతుంది. ఆ దయ మంచిదే, కాని చాలదు. పంతులుగారు దయను స్వీకరించినవారు కారు, సేవను అందించినవారు. అట్టివారు మన గ్రామాలలోనూ ఉంటారు. వారికి ఉత్సవ నిర్వహణలో బాధ్యత ఇవ్వండి, సలహా అడగండి, పని అప్పగించండి. మెట్ల ప్రక్కన చక్రాల కుర్చీ ఎక్కే వాలుబాట, కంటిచూపు లేనివారికి స్థలపురాణం వినిపించే ఏర్పాటు, చెవి వినబడనివారికి పూజావేళలు పెద్ద అక్షరాలలో వ్రాసిన పలక, ఇవి కూడా గోపురంతో సమానమైన కైంకర్యాలే. కొండ దిగివచ్చిన కోటయ్యస్వామికి ఇంతకన్న ప్రీతికరమైన నివేదన ఏముంటుంది?

రాలేని వారి చెంతకు నడచిపోయే బుద్ధిని స్వామివారు మనకందరకు ప్రసాదింతురు గాక!

సర్వే జనాః సుఖినో భవంతు.