సముద్రమొడ్డున ఇల్లు - ఎవరి ఏకాంతం?

ఓరుగల్లుకి సముద్రం లేదు గానీ ఒకప్పుడు రేవు ఉండేది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. అంతకు ముందు తుపానుకి ఓడలు బద్దలై సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే రాజులు దాన్ని లాగేసుకునేవారు. ఇకమీదట సుంకం తప్ప మరేమీ ముట్టమని ఆ శాసనం వర్తకులకి మాట ఇచ్చింది. అదే శతాబ్దం చివర్లో మార్కోపోలో ఈ రాజ్యాన్ని రేవు పేరుతోనే ‘ముత్ఫిలి’ అని రాశాడు. పాలిస్తున్న రాణిని మెచ్చుకున్నాడు కూడా. అయితే ఆమెని చనిపోయిన రాజుగారి భార్య అనుకున్నాడు. రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు. భర్త పోయిన స్త్రీ రాజ్యం కాపాడటం ఆ కథనంలో ఇమిడింది, తండ్రి కూతురికి రాజ్యం ఇవ్వడం ఇమడలేదు.

రేవుకి మనుషులు పనిమీద వెళ్తారు. ఏ పనీ లేకుండా, ఊరికే కొన్నాళ్ళు ఉండి రావడానికి సముద్రమొడ్డుకి వెళ్ళడం ఎప్పుడు మొదలైంది? ఎవరికి సాధ్యమైంది? వాళ్ళు ‘ఊరికే’ ఉంటున్నప్పుడు పని ఎవరు చేశారు? నా ప్రశ్నలివి. ఇవి ఏ గ్రంథాలయంలోనూ పుట్టలేదు. మట్టెవాడలో మా ఇంటి ముందుగదిలో, పిల్లల వేసవి సెలవుల ముందు, సముద్రానికి దగ్గరగా, జనానికి దూరంగా ఉండే ఒక కాటేజీ కోసం ఇంటిల్లిపాదీ వెతుకుతున్నప్పుడు పుట్టాయి. పదకొండు మందిమి. మా తమ్ముడు చీరాల దగ్గర వాడరేవు వైపు ఒకటి చూశాడు. ఇంకెవరూ ఉండరట, తలుపు తీస్తే ఇసుకేనట. అన్నిటికన్నా గొప్ప సంగతిగా వాడు చివర్లో చెప్పిందేమిటంటే, దానికి వంటగది కూడా ఉందట. హోటల్ ఖర్చు మిగులుతుందని మగవాళ్ళంతా సంతోషించారు. అరవై ఏళ్ళు దాటినా సముద్రం చూడని మా అమ్మ అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. “అయితే బియ్యం, పప్పు ఈడికెల్లే కట్టుకపోవాల్నా బిడ్డా?” అని మాత్రం అడిగింది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మనం ఏకాంతం అని దేన్ని అంటున్నాం?

సముద్రపు గాలి ఒంటికి మంచిదన్న నమ్మకం పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో వైద్యుల సలహాగా బలపడింది. రిచర్డ్ రస్సెల్ అనే డాక్టరు సముద్రజలం మందులా పనిచేస్తుందని 1750లో పుస్తకమే రాశాడు. బ్రైటన్ లాంటి చేపల పల్లెలు విడిది ఊళ్ళుగా మారాయి. ఆ అలవాటు కంపెనీ ఉద్యోగులతోపాటు మన తీరానికీ దిగింది. ఇక్కడి ఎండలు దానికి మరింత బలమైన కారణం అయ్యాయి.

ఆ కాలపు అనుభవాన్ని ఒక స్త్రీ రాసిపెట్టింది. జూలియా మెయిట్‌లాండ్, ఫానీ బర్నీ అనే ప్రఖ్యాత నవలా రచయిత్రి చెల్లెలి మనవరాలు. మొదటి భర్త జేమ్స్ థామస్ రాజమండ్రిలో జడ్జి. 1836 చివర్లో మద్రాసులో దిగి, మరుసటి ఏడాది రాజమండ్రి చేరి, తల్లికీ తనవాళ్ళకీ ఉత్తరాలు రాసింది. 1843లో అవి పుస్తకంగా వచ్చాయి. రచయిత్రి పేరు ఉండాల్సిన చోట ‘ఒక లేడీ’ అని మాత్రమే వేశారు. రాజమండ్రి ఎండలకి తాళలేక ఆ కుటుంబం సముద్రపొడ్డున ఒక ఒంటరి ఇంటికి మకాం మార్చింది. తెలుగు తీరంలో కుటుంబంతో సెలవు గడపడం గురించి మనకి దొరికే తొలి రాతల్లో ఆ ఉత్తరాలు ఉంటాయి. చురుకైన చూపు, హాస్యం, రాజమండ్రిలో పిల్లలకి బడి పెట్టించిన శ్రద్ధ, అన్నీ ఆమెలో ఉన్నాయి. అయినా ఆ ఏకాంతాన్ని నిలబెట్టిన వాళ్ళు, అంటే పల్లకీ మోసినవాళ్ళు, నీళ్ళు తెచ్చినవాళ్ళు, బిడ్డనెత్తుకున్న ఆయా, ఆమె ఉత్తరాల్లో పనుల పేర్లతో వచ్చిపోయే మనుషులే. చుట్టూ అంతమంది ఉన్నా ఆ ఇల్లు ఒంటరిదే అయింది. ఎవరిని మనుషులుగా లెక్కపెడతామన్న దాని మీదే ఏకాంతం ఆధారపడుతుందని ఆ పుస్తకం చదువుతుంటే తెలుస్తుంది. ఆమె పేరును ముఖపత్రం దాచింది. ఆ ఆయా పేరు అక్కర్లేదనుకున్నది ఆమె కాలం. రెండూ ఒకే బరువున్న మౌనాలు కావు.

తరువాత వాల్తేరు తెల్లవాళ్ళ నివాసంగా పెరిగింది. అంతకు ముందే డచ్చివాళ్ళ సమాధులున్న భీమునిపట్నం 1861లో మునిసిపాలిటీ అయింది. వాళ్ళని చూసి జమీందార్లు కూడా సముద్రమొడ్డున మేడలు కట్టుకున్నారు. జయపురం రాజుల హవామహల్ విశాఖ బీచ్ రోడ్డులో ఇప్పటికీ ఉంది. అదే విశాఖలో విక్టోరియా ఆసుపత్రిని జనం నేటికీ ఘోషాసుపత్రి అనే పిలుస్తారు. పరాయి మగవాళ్ళ కంటపడకూడని స్త్రీల కోసం పెట్టిన ఆసుపత్రి కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. ఆ మేడా ఈ ఆసుపత్రీ ఒక ఊళ్ళోవే కావడం నాకు యాదృచ్ఛికంగా తోచదు. నలుగురి నుంచి తప్పుకుని ఉండటం మగవాడికి ఏకాంతం అయింది. అదే పని స్త్రీ చేత చేయిస్తే ఘోషా అయింది. ఒకదానికి కిటికీ సముద్రం వైపు తెరుస్తారు, రెండోదానికి తెర దించుతారు. ఘోషా లేని ఇళ్ళలో మరో ఏర్పాటు ఉంది. నెలకి మూడు రోజులు ‘బయట’ కూర్చోబెట్టడం. మా నాయనమ్మ తరం స్త్రీలకి పొయ్యి దగ్గర నుంచి దొరికిన సెలవు అదొక్కటే. దానికి కూడా మైల అనే పేరు పెట్టి ఇచ్చారు.

మరి మన స్త్రీలు నీళ్ళ దగ్గరికి అసలు వెళ్ళలేదా? వెళ్ళారు. గుంపుగా, దేవుడి పేరు చెప్పి వెళ్ళారు. కార్తీక పౌర్ణమికీ మాఘ పౌర్ణమికీ సూర్యలంకలో, వాడరేవులో సముద్రస్నానాలకి వచ్చే వేలమందిలో సగంపైగా ఆడవాళ్ళే కనిపిస్తారు. తెలంగాణలో మనకి బతుకమ్మ ఉంది. సద్దుల రోజు సాయంత్రం చెరువుగట్టు మొత్తం స్త్రీలదే. అది ఏకాంతం కాదు, దానికి పూర్తిగా వ్యతిరేకం. అయినా ఇంటి చూపు నుంచి కాసేపు తప్పుకునే చోటు అదే. అయితే ఆ సద్దులు కలిపింది కూడా ఆ చేతులే.

ఇక సెలవు అంటే పుట్టిల్లు. వేసవిలో పిల్లల్ని తీసుకుని తల్లిగారింటికి వెళ్ళడం తెలుగు స్త్రీలకి సమాజం అనుమతించిన విడిది. ఆ నెలరోజుల్లో కూతురు ఆలస్యంగా లేస్తుంది, నవలలు చదువుతుంది, మధ్యాహ్నం నిద్రపోతుంది. మనలో ఎంతమంది పాఠకులమైంది ఆ మధ్యాహ్నాల్లోనే! కానీ ఆ నెలంతా ఆవకాయ కలుపుతూ, పదిమందికి వండుతూ ఉన్నది తల్లి. ఆమె సెలవు ఆమె తల్లితోనే పోయింది. అందుకే మా అమ్మకి సెలవు అనగానే బియ్యం, పప్పు గుర్తొచ్చాయి. ఆమె అనుభవంలో సెలవు అంటే ఎవరో వస్తారు, వాళ్ళకి వండాలి.

సాహిత్యంలో ఈ విషయాన్ని సూటిగా పట్టుకున్నది వర్జీనియా వూల్ఫ్. ఆమె చిన్నప్పటి వేసవులన్నీ, 1882 నుంచి 1894 దాకా, సెయింట్ ఐవ్స్‌లో తండ్రి అద్దెకి తీసుకున్న టాలండ్ హౌస్‌లో గడిచాయి. 1895లో తల్లి జూలియా చనిపోయింది. ఇక ఆ ఇంటికి ఆ కుటుంబం వేసవికి వెళ్ళలేదు. 1927లో వచ్చిన ‘టు ది లైట్‌హౌస్’ నవల ఆ జ్ఞాపకం మీద నిలబడింది. మొదటి భాగంలో మిసెస్ రామ్సే అతిథుల్ని, పిల్లల్ని, భర్త అలకల్ని మోస్తూ ఉంటుంది. ఆమెకి దొరికే ఏకాంతం పిల్లలు పడుకున్నాక కొద్ది నిమిషాలు. రెండో భాగంలో ఆమె చావు బ్రాకెట్ల మధ్య ఒక్క వాక్యంలో వస్తుంది. పదేళ్ళు మూతబడ్డ ఇంటిని మళ్ళీ మనుషులుండేలా చేసేది మిసెస్ మెక్‌నాబ్ అనే ముసలి పనిమనిషి. సముద్రతీరపు ఇంటి గురించిన నవలలో ఒళ్ళు వంచి బూజు దులిపే మనిషికి చోటు ఇవ్వడం మామూలు విషయం కాదు. రెండేళ్ళ తరువాత తనకంటూ ఒక గది కావాలని రాసిన మనిషి, ఆ గది ఎవరో ఒకరు ఊడ్చాలని కూడా ఎరిగినదే.

మళ్ళీ మన తీరానికి వస్తాను. వాడరేవు గురించి మా తమ్ముడు పదే పదే చెప్పిన మాట ‘ప్రశాంతంగా ఉంటుంది’ అని. నిజమే, మే నెలలో ఆ ఒడ్డు ప్రశాంతంగానే ఉంటుంది. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది అవసరమే. ఆ రోజుల్లో పడవలు ఒడ్డునే ఉంటాయి, వేలంపాటల అరుపులు తగ్గిపోతాయి. మన సెలవులూ వాళ్ళ పస్తులూ ఒకే కేలెండరులో పడతాయి. ప్రభుత్వం ఇచ్చే నిషేధకాలపు భృతి వేటకెళ్ళేవారి లెక్క మీద వస్తుంది. గంపనెత్తుకుని చేపలమ్మే ఆమెకీ, ఎండబెట్టే ఆమెకీ పని పోయినా లెక్కలో చోటు లేదు. మనం చూసి మురిసే ఖాళీ ఇసుక ఆమె చేపలు ఆరబెట్టే కళ్ళం.

ఆ ఇసుక మీద ఇల్లు ఎవరు కట్టొచ్చన్నదానికీ చరిత్ర ఉంది. 1991 ఫిబ్రవరిలో వచ్చిన తీరప్రాంత నియంత్రణ మండలి నోటిఫికేషన్, పల్లెతీరాల్లో పోటు గీత నుంచి 200 మీటర్ల లోపల కొత్త కట్టడాలు వద్దంది. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న పల్లెతీరాల్లో ఆ హద్దుని 50 మీటర్లకి కుదించింది. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమ మీద విరుచుకుపడి పదివేలకు పైగా ప్రాణాలు తీసిన ఉప్పెన సంగతి కృష్ణాజిల్లా పల్లెల్లో ఇంకా చెప్పుకుంటారు. అలకి ఎంత దగ్గరగా ఉంటే కాటేజీకి అంత అద్దె. అదే దగ్గరితనానికి మత్స్యకార కుటుంబాలు కట్టిన మూల్యం వేరు.

ఇవన్నీ చెప్పి ఇక సముద్రానికి వెళ్ళొద్దని అనడం నా ఉద్దేశం కాదు. విశ్రాంతి కోరుకోగానే స్త్రీలకి అపరాధభావం అంటగట్టే అలవాటు మన చుట్టూ చాలా ఉంది, దానికి నేనొకదాన్ని తోడవను. మా ఇంట్లో నేను పెట్టిన షరతు ఒక్కటే, వంటగది లేని చోటు చూడమని. దాని మీద మూడు రోజులు గొడవ జరిగింది. డబ్బులెక్కువన్నారు, బయటి తిండి పిల్లలకి పడదన్నారు, చదువుకున్న ఆడవాళ్ళ చాదస్తం అన్నారు. చివరికి అమ్మే తేల్చింది. “సముద్రం చూడవోతున్నమా, వండవోతున్నమా?” అంది. అంతవరకు నేను అధ్యయనంగా చెప్తున్నది ఆమె ఒక్కమాటలో ఇంటిమాట చేసింది. వాడరేవులో కాకుండా బాపట్లలో, రైలుస్టేషనుకి దగ్గర్లో మామూలు లాడ్జిలో మూడు గదులు తీసుకున్నాం. అక్కడి నుంచి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆటోల్లో వెళ్ళొచ్చాం. ఒడ్డు నిండా జనం. అమ్మ మోకాళ్ళ లోతు దాకా దిగి, చెల్లెలి చెయ్యి పట్టుకుని, పిలిచినా పలకకుండా చాలాసేపు నిలబడింది. అంత జనంలో ఆమెకి ఏకాంతం దొరికింది.

తెలుగు స్త్రీల చదువు చరిత్ర రాసుకున్నాం, పోరాటాల చరిత్ర రాసుకున్నాం. విశ్రాంతి చరిత్ర ఇంకా రాసుకోవాల్సే ఉంది. మీ అమ్మ మొదటిసారి సముద్రాన్ని ఏ వయసులో చూసింది? ఎవరితో వెళ్ళింది? ఆ రోజు వంట ఎవరు చేశారు? ఈ మూడు ప్రశ్నలు మీ ఇంట్లో అడిగి, వచ్చిన జవాబులు రాసి ఉంచండి. చేపలమ్మ వచ్చినప్పుడు ఆమెని కూడా అడగండి, సెలవు అన్న మాటకి తన దగ్గర ఏ పేరుందో.