బాటరీ పద్దు

గరికపాడు కృష్ణా మెట్టసీమ అంచున నున్న ఊరు. విజయవాడ నుండి హైదరాబాదునకు పోవు బాట ఈ దాపుననే పాలేరును దాటును. 2014 నుండి రెండు రాష్ట్రముల సరిహద్దు కూడ ఇదియే. 2024 సెప్టెంబరు ఆరంభమున ఏరు పొంగి ఇచ్చటి వంతెన దెబ్బతినగా, ఆ బాటపై రాకపోకలు నిలిచిపోయినవి.

వానునే ఇల్లుగా చేసికొని సంచరించు కుటుంబ మొకటి అట్టి వేళ ఇచ్చట చిక్కుకొన్న దనుకొందము. కరెంటు తీగ లేదు. సూర్యుడు మబ్బుల చాటున నున్నాడు. చిన్న ఫ్రిజ్జులో ఇంటి పెద్దకు కావలసిన ఇన్సులిన్ ఉన్నది. బాటరీ ఎన్ని దినములు నిలుచును? ఈ లెక్క నేటిది కాదు.

1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ప్లాంటే, సీసపు పలకలను ఆమ్లములో నుంచి, మరల మరల నింపుకొనదగిన బాటరీని నిర్మించెను. దానిని వేగముగా తోడిన కొలది దక్కు మొత్తము తగ్గునని 1897లో జర్మను శాస్త్రజ్ఞుడు ప్యూకర్ట్ సూత్రీకరించెను.

1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైన నాటికి మన పల్లెలలో పెక్కింటికి కరెంటు లేదు. అచ్చట బాటరీ సెట్టే శరణ్యము. గొట్టముల రేడియోకు లోని తీగలను వేడిచేయుట కొక బాటరీ, 90 వోల్టుల మరొక బాటరీ వలయును. వార్తలు ముగియగానే సెట్టు కట్టివేయుట పిసినితనము కాదు, పద్దు.

ఆ పద్దునే వానునకు వ్రాసి చూతము. ఫ్రిజ్జు యంత్రము 45 వాట్లది, దినమునకు 8 గంటలు తిరిగిన 360 వాట్ గంటలు. 20 వాట్ల పంకా 10 గంటలకు 200. దీపములకు 40, రేడియోకు, ఫోనులకు 40. మొత్తము 640. ఎండ లేని మూడు దినములకు 1,920.

చెరువును అడుగంట తోడరాదు కదా! సీసపు బాటరీలో సగమే వాడుట క్షేమము. కావున 3,840 వాట్ గంటలది, అనగా 12 వోల్టుల వద్ద 320 ఆంపియర్ గంటలది కావలెను. 1997లో అక్షయ పాధి, గుడ్‌ఇనఫ్ ప్రభృతులు వెల్లడించిన లిథియం ఇనుప ఫాస్ఫేటు బాటరీలో నూటికి 80 పాళ్లు వాడుకొనవచ్చును. అందుచే 200 చాలును. బరువును చాల తక్కువ.

నింపుకొనుట మరొక పద్దు. 200 వాట్ల సౌరఫలకము నాలుగు గంటల నిండు ఎండలో 800 వాట్ గంటలు తెచ్చును. దారిలో కలుగు నష్టము పోగా, అది ఆనాటి ఖర్చునకు మాత్రమే సరిపోవును. మబ్బు దినముల లోటు వెంటనే తీరదు.

కావున బాటరీ కొనువారు ముందుగా వెల నడుగక, ఎండ లేని దినము లెన్నింటిని దాటవలెనో నిశ్చయించుకొనుట మేలు. పాలేరు పొంగిన దినమున అంగడికి పోవు బాట యుండదు.