రోడ్డు మీదే వడ్లు.. వెనక లైటు లేని ట్రాక్టర్లు.. రాత్రిపూట పల్లె దారిలో బండి నడుపుతున్నారా? ఇవి తెలుసుకోండి

వరి కోతల సీజన్ వచ్చిందంటే చాలు.. తెలుగు రాష్ట్రాల్లో పల్లె రోడ్లు సగం కల్లాలుగా మారిపోతాయి. ఒక పక్క ఆరబోసిన వడ్లు, ఇంకో పక్క నల్ల టార్పాలిన్ కప్పిన కుప్పలు, ఆ టార్పాలిన్ లేచిపోకుండా చుట్టూ బండరాళ్లు. మిగిలిన కాస్త దారిలోనే బైకులు, ఆటోలు, స్కూల్ బస్సులు, ఆర్టీసీ బస్సులు అన్నీ పోవాలి. పగలు ఎలాగోలా నెట్టుకొచ్చేస్తారు. అసలు సమస్య చీకటి పడ్డాకే.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఇందులో దాదాపు 68 శాతం మరణాలు గ్రామీణ ప్రాంతాల్లోనే జరిగాయి. పల్లెల మీదుగా పోయే హైవేలు కూడా ఈ లెక్కలో ఉంటాయి కాబట్టి అన్నీ ఊరి రోడ్ల మీదే అనుకోవద్దు. కానీ ట్రాఫిక్ లేని రోడ్డు కదా అని ధీమాగా వెళ్లేవాళ్లు మాత్రం ఈ అంకె ఒకసారి చూడాలి.

అసలు రోడ్డు మీద ఎందుకు పోస్తున్నారు?

రోడ్డు మీద వడ్ల వీడియో ఎప్పుడు పెట్టినా కింద ఒకే రకం కామెంట్లు. రైతులకు బుద్ధి లేదా, వాళ్ల అబ్బ సొత్తా రోడ్డు అని. కామెంట్ పెట్టడం తేలికే. కానీ కొనుగోలు కేంద్రంలో వడ్లు తీసుకోవాలంటే తేమ 17 శాతానికి మించకూడదు. 2025-26 సీజన్‌కు మద్దతు ధర సాధారణ రకం క్వింటాకు 2,369 రూపాయలు, గ్రేడ్-ఏ రకానికి 2,389 రూపాయలు. తేమ ఎక్కువుంటే ఆ ధర చేతికి రాదు. కేంద్రం దగ్గర రోజుల తరబడి పడిగాపులు, లేదంటే తరుగు కింద కోత.

ఒకప్పుడు మనుషులు కోసేవారు. పనలు పొలంలోనే ఆరేవి, తర్వాత కుప్ప వేసి నూర్చేవారు. ఇప్పుడు హార్వెస్టర్ పచ్చి మీదే కోసి గంటల్లో ట్రాలీలో పోసేస్తోంది. అప్పటికి వడ్లలో తేమ 20 శాతం దాటే ఉంటుంది. అంత ధాన్యం ఒకేసారి ఎక్కడ ఆరబెట్టాలి? ఊళ్లో కల్లాలు లేవు, ఖాళీ జాగాలన్నీ ప్లాట్లయ్యాయి. తారురోడ్డు అయితే ఎండకు కాగుతుంది, మట్టి అంటదు, రెండు రోజుల్లో పని అయిపోతుంది.

తెలంగాణలో ఉపాధి హామీ నిధులతో కల్లాలు కట్టే పని మొదలైంది కూడా. ఆ ఖర్చు నిబంధనలకు విరుద్ధమంటూ దాదాపు 151 కోట్ల రూపాయలు వెనక్కి కట్టాలని కేంద్రం అడిగింది. 2022 డిసెంబర్‌లో బీఆర్‌ఎస్ దీనిపై జిల్లాల్లో ధర్నాలు చేసింది. రాజకీయం సంగతి ఎలా ఉన్నా, కల్లం లేని ప్రతి ఊళ్లో ఆ భారం రోడ్డు మీదే పడుతోంది.

కుప్ప కన్నా రాయే డేంజర్

పీఎం గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్డు తారు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు. సగం రోడ్డు వడ్లకు పోతే మిగిలేది రెండు మీటర్లు కూడా కాదు. తారు నలుపు, టార్పాలిన్ నలుపు. హెడ్‌లైట్ పడినా అది వెలుగును తిప్పికొట్టదు. బైకు లో బీమ్‌లో దారి స్పష్టంగా కనిపించేది 30, 40 మీటర్ల వరకే.

ఇప్పుడు లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల స్పీడంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అడ్డు కనిపించి బ్రేక్ మీద కాలు పడేలోపే 25 మీటర్లు పోతారు. పొడి రోడ్డు మీద బ్రేక్ పట్టాక ఆగడానికి ఇంకో 20 మీటర్లు. మొత్తం 45. అంటే కుప్ప కనిపించేసరికే ఆలస్యం అయిపోయినట్టు. అదే 40 స్పీడులో ఉంటే 26, 27 మీటర్లలో బండి ఆగుతుంది. పల్లె రోడ్డులో రాత్రి 40 దాటొద్దని చెప్పేది ఇందుకే.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. వడ్లు ఎత్తుకుపోతారు, రాళ్లు మాత్రం అక్కడే వదిలేస్తారు. కుప్ప అంటే కనీసం ఎత్తుగా కనిపిస్తుంది. ఒంటరి రాయి ముందు చక్రం ఎక్కేదాకా తెలియదు. రిపేర్ వచ్చి ఆగిన ట్రాక్టర్ల చుట్టూ పెట్టే రాళ్లదీ ఇదే కథ. రాళ్ల బదులు ఊక నింపిన బస్తాలో, ఇసుక బస్తాలో పెడితే టార్పాలిన్ అలాగే ఆగుతుంది, తగిలినా ప్రాణం మీదకు వచ్చే అవకాశం తక్కువ. ఖర్చు ఏమీ లేదు. కుప్పకు రెండు చివర్లా ఎరుపు రిఫ్లెక్టర్ టేప్ చుట్టిన కర్ర పాతితే ఇంకా మంచిది. ఎర్రగుడ్డ కడుతుంటారు కానీ అది పగటికే పనికొస్తుంది. మలుపుల్లో, కల్వర్టుల దగ్గర మాత్రం ఎంత అవసరమున్నా పోయకూడదు.

పలచగా పరిచిన వడ్లు కూడా తక్కువేం కాదు. గింజలు టైరు కింద చిన్న చిన్న రోలర్లలా దొర్లుతాయి, రబ్బరుకు పట్టు దొరకదు. వాటి మీదకు ఎక్కేశారంటే ముందు బ్రేక్ అసలు పట్టొద్దు. యాక్సిలరేటర్ వదిలేసి, హ్యాండిల్ నిటారుగా ఉంచి, స్పీడు దానంతట అది తగ్గనివ్వండి. మొక్కజొన్న గింజలైతే ఇంకా ఎక్కువ జారతాయి.

రాయలసీమలో చూసేది వేరే రకం. రాగి, ఉలవ, కంది కట్టెను నూర్పిడి కోసం రోడ్డుకు అడ్డంగా పరుస్తారు, వచ్చీపోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుంది. బైకు చైన్‌కు, కారు యాక్సిల్‌కు ఆ తీగలు చుట్టుకుంటాయి. ఎండిన కట్టె వేడి సైలెన్సర్‌కు తగిలితే కారుకే మంటలు అంటుకోవచ్చు. దాని మీదుగా పోవాల్సి వస్తే, దాటాక బండి పక్కకు ఆపి కింద ఒకసారి చూసుకోండి.

వెనక నుంచి కనిపించని ట్రాలీ

మోటారు వాహనాల రూల్స్ ప్రకారం ట్రాలీలతో సహా వాహనాల వెనక రెండు వైపులా ఎరుపు రిఫ్లెక్టర్లు ఉండాలి. మన ఊళ్లో ఎన్ని ట్రాలీలకు ఉన్నాయో మీరే లెక్కపెట్టండి. ఇంజన్‌కు లైట్లుంటాయి. ట్రాలీకి కరెంటు తీసుకెళ్లే వైరు ఎప్పుడో తెగిపోయి ఉంటుంది, మళ్లీ ఎవరూ అతికించరు. టేప్ ఉన్నా దాని మీద బురద, లేదంటే వేలాడే గడ్డి.

ట్రాక్టర్ లోడుతో గంటకు 20 కిలోమీటర్లు పోతుంటే వెనక కారు 80లో వస్తుందనుకోండి. రెండింటి మధ్య 100 మీటర్ల దూరం ఉన్నా అది ఆరు సెకన్లలో అయిపోతుంది. గడ్డి లోడు, పత్తి లోడు అయితే ట్రాలీ కన్నా రెండు పక్కలా బయటకు ఉబ్బి ఉంటుంది. దూరం నుంచి చూస్తే రోడ్డు మీద ఒక చీకటి గోడ కదులుతున్నట్టే. గడ్డి లోడు పైన కరెంటు తీగలు తగిలి తగలబడే ప్రమాదం వేరే.

పెద్ద హార్వెస్టర్ సంగతి అయితే మరీను. ముందుండే కట్టర్ 14 అడుగులు, అంటే 4.2 మీటర్ల పైనే. రోడ్డేమో 3.75 మీటర్లు. కట్టర్ ఊడదీసి వెనక బండి మీద పెట్టుకుని పోవాలి. కానీ ఒక ఊరి నుంచి పక్క ఊరికే కదా అని అలాగే నడిపేస్తుంటారు, అదీ ఎక్కువగా రాత్రిపూటే. ఎదురుగా రెండు లైట్లు కనిపించగానే మామూలు లారీ అనుకుని పక్క నుంచి దూరిపోవద్దు. ఆ లైట్లకు బయట రెండు వైపులా ఇనుము ఉంటుంది. మీరే ఆగి దారివ్వండి.

బురద, చేపల నీళ్లు

దమ్ము చేసే రోజుల్లో కేజ్‌వీల్స్‌తోనే ట్రాక్టర్లు తారురోడ్డు ఎక్కేస్తాయి. ఇనుప పట్టీలు తారును కోస్తాయి, చక్రాల నుంచి ఊడిన బురద ముద్దలు రోడ్డంతా పడతాయి. ఎండితే దుమ్ము, చినుకు పడితే సబ్బు. చెరువు మట్టి తోలే ట్రాలీలతోనూ ఇదే బాధ. భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చేపల లోడు బండ్ల నుంచి ఐసు నీళ్లు కారుతూనే ఉంటాయి. తెల్లవారుజామున ఆ జిగురు తడి మీద బైకు వంచితే అంతే.

ట్రాలీలో మనుషులు ఎక్కితే

2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర మిరప కోతకు వెళ్తున్న కూలీల ట్రాక్టర్ కాలువలో పడి 9 మంది మహిళలు చనిపోయారు. మూడు నెలలు తిరక్కుండానే, జూన్ 24న, యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో మూసీ కాలువలోకి ట్రాక్టర్ బోల్తా పడి 15 మంది పోయారు. వాళ్లూ ఎక్కువగా మహిళా కూలీలే. 2020 జూన్‌లో వేదాద్రి వెళ్లి వస్తున్న భక్తుల ట్రాక్టర్‌ను జగ్గయ్యపేట మండలంలో లారీ ఢీకొట్టి 12 మంది చనిపోయారు. 2022 అక్టోబర్ 1న కాన్పూర్ జిల్లాలో ట్రాలీ బోల్తా పడి 26 మంది మరణించాకే, మనుషులను తరలించడానికి ట్రాక్టర్లు వాడొద్దని యూపీ సీఎం విజ్ఞప్తి చేశారు.

ట్రాలీకి సీట్లు లేవు, పట్టుకోవడానికి కడ్డీ లేదు, కాలువ గట్టున పడితే అందరూ దాని కిందే ఉంటారు. ఇంత తెలిసీ ఎందుకు ఎక్కుతారంటే, ఉదయం 7 గంటలకల్లా చేను చేరాలి, ఆ దారిలో బస్సు ఉండదు. కూలీని తప్పుపట్టే ముందు ఇది కూడా చెప్పాలి.

కేసు అయితే ఏమవుతుంది?

రోడ్డుకు అడ్డంగా ఏదైనా పెట్టి జనానికి ప్రమాదం తెచ్చిపెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 285 కింద 5,000 రూపాయల వరకు జరిమానా. పాత ఐపీసీలో ఇది 200 రూపాయలే. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే సెక్షన్ 106 వర్తిస్తుంది, ఐదేళ్ల వరకు జైలు. వడ్లు పోసిన రైతు కూడా ఈ కేసులో ఇరుక్కోవచ్చు. లోడు ట్రాలీ దాటి బయటకు వస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 కింద 20,000 రూపాయల జరిమానా ఉంది. అక్కడికక్కడే కట్టించుకునే మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మైనర్ పిల్లాడికి ట్రాక్టర్ ఇచ్చి అతను నేరం చేస్తే తండ్రికో, ఓనర్‌కో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు.

ఇన్సూరెన్స్ దగ్గరే చాలా కుటుంబాలు దెబ్బతింటాయి. ట్రాక్టర్‌కు పాలసీ ఉంటే ట్రాలీకి ఉన్నట్టు కాదు, దానికి విడిగా రాయించాలి. ట్రాక్టర్‌లో లెక్కకొచ్చే సీటు డ్రైవర్‌ది ఒక్కటే. మడ్‌గార్డ్ మీద కూర్చున్న మనిషికి పాలసీ వర్తించదని కంపెనీలు కోర్టులో వాదిస్తాయి. వ్యవసాయానికని పాలసీ తీసుకుని ఇటుక, ఇసుక కిరాయిలకు తిప్పినా అదే చిక్కు.

మరి బైకు వడ్ల కుప్పకు తగిలి మనిషి పోతే? అవతల ఇంకో వాహనం లేదు కాబట్టి థర్డ్ పార్టీ క్లెయిమ్ దొరకడం కష్టం. అప్పుడు ఆదుకునేది మీ బైకు పాలసీలో ఉండే 15 లక్షల రూపాయల ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా ఒక్కటే. అది కూడా పాలసీ గడువు, లైసెన్స్ రెండూ సరిగ్గా ఉండి, బండి ఓనరే నడుపుతుంటేనే. బ్యాంకు అకౌంట్ ఉన్నవాళ్లు ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్ష బీమా తీసుకుంటే మరో 2 లక్షలు వస్తాయి.

ప్రమాదం కళ్ల ముందు జరిగితే

108కి గానీ, 112కి గానీ ఫోన్ చేయండి. గాయపడినవాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్తే మీ మీద కేసు పెట్టరు, బలవంతంగా సాక్షిని చేయరు. చట్టంలోని సెక్షన్ 134ఏ ఈ రక్షణ ఇస్తుంది. తీవ్రంగా గాయపడినవారిని మొదటి గంటలోనే ఆస్పత్రికి చేరిస్తే కేంద్రం రాహ్-వీర్ పథకం కింద 25,000 రూపాయలు ఇస్తుంది. 2025 మే నుంచి మోటారు వాహన ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు 1.5 లక్షల రూపాయల నగదు రహిత చికిత్స పథకం కూడా ఉంది. ఆస్పత్రి అడ్వాన్స్ అడిగితే ఈ పథకం పేరు చెప్పి అడగండి.

రోడ్డు మీద రాళ్లు, కుప్పలు, బురద కనిపించి ఎవరికి చెప్పాలో తెలియకపోతే పక్కనున్న కిలోమీటరు రాయి చూడండి. పైభాగం పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, 1033కి ఫోన్ చేయాలి. ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, ఆర్ అండ్ బీ వాళ్లకు చెప్పాలి. ఆరెంజ్ ఉంటే గ్రామీణ రోడ్డు, పంచాయతీరాజ్ ఇంజనీర్లది. ఫొటో తీస్తే ఆ రాయి మీద నంబర్ కూడా ఫ్రేములో పడేలా తీయండి, స్పాట్ వెతకడం వాళ్లకు తేలికవుతుంది. రాత్రి అయితే 112కే చెప్పండి, పొద్దున్న దాకా ఆగొద్దు.