సైనిక శిబిరాల్లో చెత్త నుంచి ఇంధనం

మారుమూల సైనిక శిబిరాల్లో పోగుపడే ఘనవ్యర్థాలను అక్కడికక్కడే మండే వాయువుగానో ద్రవ ఇంధనంగానో మార్చి, దాంతో కరెంటూ వేడీ తీసుకునే పద్ధతి ఇది. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల కాలంలో అమెరికా సైన్యం దీని మీద ఎక్కువగా దృష్టి పెట్టింది. వచ్చిన యంత్రాల్లో చాలావరకు ప్రయోగ దశలోనే ఆగిపోయాయి.

ఇందులోని మూలసూత్రం పాతదే. కట్టెనో బొగ్గునో చాలీచాలని గాలిలో మండిస్తే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసిన వాయువు వస్తుంది. దాంతో ఇంజను నడపవచ్చు. 1920లలో జార్జ్ ఎంబేర్ ఇందుకు పనికొచ్చే గ్యాసిఫయర్‌ను రూపొందించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు కరువైనప్పుడు ఐరోపాలో లక్షల వాహనాలు ఇలాగే నడిచాయి. తెలుగునాట పెద్దవాళ్లు చెప్పుకునే బొగ్గు బస్సులు కూడా ఆ కాలానివే, ఆ కోవకు చెందినవే.

యుద్ధరంగంలో మాత్రం చెత్తకు చాలాకాలం నిప్పు ఒక్కటే దారి. వియత్నాంలో మరుగుదొడ్ల మలాన్ని కోసిన డ్రమ్ముల్లో పోసి, డీజిల్ కలిపి కాల్చేవారు. ఇరాక్‌లోనూ అదే తంతు సాగింది. సైనికుడు ఒక్కొక్కరికి రోజుకు సుమారు నాలుగున్నర కిలోల చెత్త పడుతుందని అమెరికా లెక్క. భోజన పొట్లాలు, నీళ్ల సీసాలు, అట్టపెట్టెలు, చెక్క ప్యాలెట్లు, వంటశాల మిగుళ్లు అన్నీ బర్న్ పిట్లనే బహిరంగ గుంతల్లోకి చేరేవి. వాటిలో పెద్దది బాగ్దాద్‌కు ఉత్తరాన ఉన్న బలాద్ స్థావరంలోని పది ఎకరాల గుంత. మంట అందుకోవడానికి జెట్ ఇంధనం చల్లేవారు.

ఆ ఇంధనం ఊరికే వచ్చేది కాదు. ట్యాంకర్ల బారులు మందుపాతరలు దాటుకుని రావాలి. 2007లో అఫ్ఘానిస్తాన్‌లో సగటున ప్రతి 24 ఇంధన కాన్వాయ్‌లకు ఒకరు మరణించడమో గాయపడటమో జరిగిందని సైన్యం పర్యావరణ విధాన సంస్థ 2009లో తేల్చింది. ప్రాణాలొడ్డి తెచ్చిన ఇంధనంతో చెత్త తగలబెట్టడంలోని అసంబద్ధత నుంచే, ఆ చెత్తనే ఇంధనం చేస్తే ఏమన్న ఆలోచన బలపడింది.

అలా వచ్చిన యంత్రాల్లో బాగా పేరొచ్చినది ‘టైగర్’ అనే సంచార శుద్ధి యంత్రం. సైన్యానికి చెందిన ఎడ్జ్‌వుడ్ రసాయన, జీవశాస్త్ర కేంద్రం, పర్డ్యూ విశ్వవిద్యాలయం, డిఫెన్స్ లైఫ్ సైన్సెస్ అనే ప్రైవేటు సంస్థ కలిసి దీన్ని తయారుచేశాయి. దీనిది జోడు పద్ధతి. కాగితం, అట్ట, ప్లాస్టిక్కులను గుళికలుగా నొక్కి గ్యాసిఫయర్‌లో వేస్తారు. అన్నం, రొట్టె వంటి మిగుళ్లను ఎంజైములు, ఈస్ట్‌తో పులియబెట్టి ఇథనాల్ తీస్తారు. ఆ వాయువు, ఇథనాల్ రెండూ మామూలు డీజిల్ జనరేటర్‌లోకే వెళతాయి. డీజిల్‌తో మొదలైన ఇంజను క్రమంగా దాని వాడకం తగ్గించుకుంటుంది. తాను తీసుకున్నదానికంటే 90 శాతం ఎక్కువ శక్తినిచ్చిందని తొలి పరీక్షల తర్వాత 2007లో పర్డ్యూ ప్రకటించింది. 2008లో రెండు నమూనాలను బాగ్దాద్‌లోని క్యాంప్ విక్టరీకి తరలించి దాదాపు మూడు నెలలు నడిపి చూశారు.

లెక్క కాగితం మీద అందంగానే ఉంటుంది. అయిదారు వందల మంది ఉన్న శిబిరంలో రోజుకు రెండున్నర టన్నుల చెత్త వస్తుంది. అందులోని శక్తిలో అయిదో వంతు కరెంటుగా మారినా 80 కిలోవాట్ల జనరేటర్ ఒకటి నిరంతరం నడిచినట్టు. ఎడారి ఎండలో డేరాల ఏసీలకే అందులో చాలాభాగం పోతుంది. పైగా చెత్త ఏ రోజూ ఒకేలా ఉండదు. తడి ఎక్కువైతే వాయువు పలచబడుతుంది, తారు పేరుకుని ఇంజను మొరాయిస్తుంది. గాజూ లోహాలూ ఏరే పని ఎవరిదో తేలాలి. యుద్ధానికి వచ్చిన సైనికుణ్ని ఆ పనికి పెట్టమంటే ఏ అధికారీ ఉత్సాహపడడు. నా దృష్టిలో ఈ యంత్రాల అసలు లాభం కరెంటు కాదు, చెత్త గుట్ట పిడికెడు బూడిదగా కుదించుకుపోవడమే.

ఇదే కాలంలో ఇతర దారులూ తొక్కారు. మాంట్రియల్‌కు చెందిన టెరాగాన్ సంస్థ ఓడలకూ చిన్న శిబిరాలకూ సరిపోయే ‘మాగ్స్’ గ్యాసిఫయర్‌ను తయారుచేసింది. దాన్ని హవాయ్‌లోని అమెరికా మెరైన్ల స్థావరంలో పరీక్షించారు. 2011లో ఫ్లోరిడాలోని హర్ల్‌బర్ట్ వైమానిక స్థావరంలో రోజుకు పదిన్నర టన్నుల సామర్థ్యంతో, ప్లాస్మా వేడితో చెత్తను వాయువుగా మార్చే కేంద్రం ప్రారంభమైంది.

అప్పటికి బర్న్ పిట్ల పొగ రాజకీయ సమస్యగా మారింది. 2009లో అమెరికా కాంగ్రెస్ వాటిపై ఆంక్షలు పెట్టింది. దాంతో డబ్బు శక్తినివ్వని మామూలు ఇన్సినరేటర్ల వైపు మళ్లింది. అఫ్ఘానిస్తాన్‌లో 23 ఇన్సినరేటర్లకు దాదాపు 8.2 కోట్ల డాలర్లు ఖర్చుచేశారనీ, వాటిలో ఎనిమిదింటిని అసలు వాడనేలేదనీ 2015లో అఫ్ఘాన్ పునర్నిర్మాణ తనిఖీ సంస్థ బయటపెట్టింది. పొగ బారినపడిన మాజీ సైనికులకు వైద్యం, పరిహారం విస్తరించే పాక్ట్ చట్టం 2022 ఆగస్టు 10న అమల్లోకి వచ్చింది.

భారత సైన్యానికి సియాచిన్‌లో వేరే చిక్కు ఉంది. అక్కడి చలికి ఏదీ కుళ్లదు. గ్వాలియర్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల చలిని తట్టుకునే బ్యాక్టీరియాతో బయోడైజెస్టర్‌ను అభివృద్ధి చేసింది. అది మలాన్ని నీరుగా, మీథేన్ ఉన్న వాయువుగా విడగొడుతుంది. రైలు బోగీల్లోని బయో టాయిలెట్లు దీని సంతతే. మిగతా చెత్తకు దించడమే మార్గం. 2018 జనవరి నుంచి 2019 నడిమి దాకా హిమానీనదం నుంచి సుమారు 130 టన్నులు తరలించారు. ప్రతాప్‌పూర్ దగ్గర అట్టపెట్టెల కోసం బేళ్లు కట్టే యంత్రం, మరికొన్ని చోట్ల ఇన్సినరేటర్లు పెట్టారు. ఆ 130 టన్నుల్లో 41 టన్నులు లోహమే కాబట్టి దాన్ని ఏ గ్యాసిఫయరూ ఇంధనం చేయలేదు.